ప్లస్ టూ చదివే మా మేనకోడలికి ఒడియా, తెలుగు పాఠ్యపుస్తకాలను డైసీ రూపంలో సమకూర్చడం ఎలా?

గుణుపురం మేనమామ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. మా అక్క కూతురు ఈ యేడు ప్లస్ టూ ఆర్ట్స్ మొదటి సంవత్సరంలో చేరింది. ఇంట్లో తెలుగు, కాలేజీలో ఒడియా, దానికి తోడు ఇంగ్లీషు. వంశధార ఒడ్డున పుట్టిన మా పిల్లలందరూ ఇలా మూడు లిపుల మధ్యనే పెరుగుతారు. ఈ అమ్మాయికి మాత్రం మూడూ కష్టమవుతున్నాయి.

చిన్నప్పటి నుండి ఆమెకు రేచీకటి ఉండేది. సంజె దీపం పెట్టే వేళకు గోడ పట్టుకొని నడిచేది. ఆకుకూరలు తినకపోవడం వల్లనే అనుకొని మా అమ్మ మునగాకు, బొప్పాయి పెట్టింది. పదమూడో యేట విశాఖపట్నం తీసుకువెళ్లి చూపిస్తే, ఇది విటమిన్ లోపం కాదని, రెటినైటిస్ పిగ్మెంటోజా అనే వంశపారంపర్యపు జబ్బని, చూపు అంచుల నుండి మధ్యకు క్రమంగా కుంచించుకుపోతుందని డాక్టర్లు చెప్పారు. మా అక్కది మేనరికపు పెళ్లి. ఇప్పుడు ఆ పిల్ల గొట్టంలోంచి చూసినట్టు చూస్తుంది. ఎదుటి గోడ మీది గడియారంలో ముల్లు కనిపిస్తుంది కాని, కాలి దగ్గరి చెంబు కనిపించదు. పుస్తకం పట్టుకుంటే ఒక్కో మాట వెతుక్కుంటూ గంటకు మూడు పేజీలు చదువుతుంది, ఆ తర్వాత తలనొప్పితో పడుకుంటుంది.

కిందటి ఆరు నెలలుగా నేనూ మా అక్కా వంతులు వేసుకొని పాఠాలు చదివి, ఫోన్‌లో రికార్డు చేసి, వాట్సాప్‌లో పంపుతున్నాము. అవి డెబ్బైకి పైగా అయ్యాయి. మొన్న పరీక్షకు ముందు రోజు నేను వాళ్లింటికి వెళ్లేసరికి అమ్మాయి వంటింటి గడప మీద కూర్చొని, రాజ్యసభ అధికారాల గురించిన భాగం ఏ రికార్డింగులో ఉందో వెతుకుతోంది. ఒకటి తెరవడం, వేలితో ముందుకు జరపడం, రెండు ముక్కలు విని వెనక్కి జరపడం, మూసి ఇంకొకటి తెరవడం. నేను అరగంట చూశాను. ఆ భాగం దొరకలేదు. పుస్తకంలో అయితే అది నాకు రెండు క్షణాల పని. ఇన్నాళ్లూ ఆమెకు పుస్తకం ఇచ్చామనుకున్నాము కాని, ఇచ్చినది మా గొంతు మాత్రమేనని ఆ రోజు తెలిసింది.

తెలిసినవారు రెండు పీడీఎఫ్‌లు పంపారు. ఒకదాన్ని ఫోన్‌లో తెర మీది అక్షరాలను చదివి వినిపించే టాక్‌బ్యాక్ అసలు చదవలేదు. రెండోది చదివింది కాని, ఒడియా పేజీ మీద వేలు పెడితే ఇంగ్లీషు అక్షరాలు, డాలరు, స్లాష్, బ్రాకెట్ అంటూ ఏవేవో గుర్తులు పలికింది. వికలాంగ ధ్రువపత్రం కోసం వెళ్లిన చోట ఒక ఉద్యోగి ఆమె చేతికి కాగితం ఇచ్చి, చదవగానే, “కనిపిస్తోంది కదా, దీనికి పత్రం ఎందుకు?” అని తిప్పి పంపారు. రెండుసార్లు వెళ్లి రెండుసార్లూ వట్టి చేతులతో వచ్చాము.

డైసీ పుస్తకాలని ఒక రకం ఉన్నాయని విన్నాను. అవి మామూలు రికార్డింగుకంటే ఏ విధంగా వేరు? మాలాంటివారికి ఎక్కడ దొరుకుతాయి? దొరకని పుస్తకాన్ని మేమే తయారు చేసుకోవచ్చా? పుస్తకాలను పెద్ద అక్షరాలతో వేయించమని కొందరు, బ్రెయిలీ నేర్పించమని కొందరు అంటున్నారు. తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరు.


పర్లాకిమిడి టీచర్ (జవాబు)

అన్నయ్య గారూ, నేను గజపతి జిల్లాలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పాఠాలు చెప్పే టీచర్‌ని. మీ ప్రశ్నలో వచ్చిన ధ్రువపత్రం సంగతినే ముందు చెబుతాను, ఎందుకంటే మిగిలిన తలుపులన్నీ దానితోనే తెరుచుకుంటాయి.

మీకు ఎదురైన ఉద్యోగి అక్షరం చదవగలగడమే చూపు అనుకున్నారు. చట్టం అలా అనడం లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చివర ఉన్న అనుబంధంలో అంధత్వానికీ మందదృష్టికీ రెండేసి కొలతలు ఇచ్చారు. ఒకటి ఎంత దూరంలోని అక్షరం చదవగలరన్నది, రెండోది ఎంత వెడల్పున చూడగలరన్నది. దిద్దుబాటు తర్వాత కూడా మంచి కంటిలో చూపు వెడల్పు 40 డిగ్రీలకు తగ్గి 10 డిగ్రీల వరకు ఉంటే మందదృష్టి, 10 డిగ్రీలకంటే తక్కువైతే అంధత్వం. అంటే పటం మీది చివరి వరుస చదవగలిగిన మనిషి కూడా చట్టం దృష్టిలో అంధురాలు కావచ్చు. పెరిమెట్రీ అనే పరీక్ష, ఇక్కడ అందరూ ఫీల్డ్ టెస్ట్ అంటారు, దాని ఫలితం కాగితం చేతిలో పెట్టుకొని వెళ్లండి. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి విశాఖపట్నంలోనూ భువనేశ్వర్‌లోనూ ప్రాంగణాలు ఉన్నాయి. అక్కడ పరీక్షతో పాటు, మిగిలిన చూపును వాడుకోవడం నేర్పించే పునరావాస విభాగాలు కూడా ఉన్నాయి కనుక ఒక్క ప్రయాణంలో రెండు పనులూ చూసుకోండి. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా తేలితే, 18 యేళ్లు నిండేవరకు పుస్తకాలు, చదువుకు కావలసిన ఇతర సామగ్రి, తగిన పరికరాలు ఉచితంగా ఇవ్వవలసిన బాధ్యత ఆ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వానిదే అవుతుంది. మీ పిల్లకు ఇంకా 18 నిండలేదనుకుంటాను. ఆలస్యం చేయకండి.

పెద్ద అక్షరాలు వేయించమన్న సలహా కొందరికి మంచిదే కాని, ఈ అమ్మాయికి మేలు చేయకపోవచ్చు. సన్నని గొట్టంలోంచి చూసే కంటికి అక్షరం పెద్దదైన కొద్దీ ఆ గొట్టంలో పట్టే అక్షరాల సంఖ్య తగ్గిపోతుంది. ఇప్పుడు ఒక్క చూపులో ఒక మాట పట్టుకుంటున్న పిల్ల, అచ్చు రెండింతలు చేస్తే సగం మాట మాత్రమే పట్టుకోగలదు. దానికంటే నల్లని తెర మీద తెల్లని లేదా పసుపు అక్షరాలు పెట్టి, ఏ సైజులో సుఖంగా చదువుతోందో తననే చెప్పనివ్వండి. నా దగ్గరకు వచ్చిన ఒక బాబుకి ఇంట్లో ఎంతో ఖర్చు పెట్టి పెద్దచ్చు పుస్తకాలు చేయించారు. వాడు వాటిని తెరవకుండా, మామూలు పుస్తకాన్నే వరస కింద నల్ల అట్టముక్క పెట్టుకొని చదివేవాడు.

ఇక డైసీ. డిజిటల్ యాక్సెసిబుల్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్ అన్న మాటల మొదటి అక్షరాలతో ఆ పేరు పెట్టారు. దాన్ని చూసుకునే డైసీ కన్సార్టియం 1996లో ఏర్పడింది. మీరు వంటింటి గడప మీద చూసిన కష్టమే ఆ ప్రమాణం పుట్టుకకు కారణం. క్యాసెట్టు గాని, ఎంపీత్రీ గాని ఒకే పొడుగాటి దారం. మొదటి నుండి చివరి దాకా సాగిపోతుంది. డైసీ పుస్తకంలో ధ్వనితో పాటు విషయసూచిక ఫైలు ఒకటి ఉంటుంది. భాగం, అధ్యాయం, శీర్షిక, ఉపశీర్షిక ఇలా ఆరు అంచెల దాకా గుర్తులు పెట్టవచ్చు. అచ్చు పుస్తకంలోని పేజీ సంఖ్యలు కూడా గుర్తులుగానే ఉంటాయి. టీచర్ క్లాసులో “63వ పేజీ తీయండి” అంటే మీ పిల్ల కూడా 63 అని కొట్టి అక్కడికే వెళ్లగలదు. అంచె మార్చుకుంటే అధ్యాయం నుండి అధ్యాయానికి, లేదా శీర్షిక నుండి శీర్షికకు దూకవచ్చు. అధస్సూచికలను వినాలనుకుంటే వినవచ్చు, వద్దనుకుంటే దాటేయవచ్చు. గుర్తు పెట్టుకున్న చోటును పుస్తకం మరిచిపోదు. కొన్ని పుస్తకాల్లో ధ్వని, పాఠ్యం రెండూ జతకలిసి ఉంటాయి. అలాంటివాటిలో వినిపిస్తున్న వాక్యం తెర మీద రంగుతో వెలుగుతుంది. మిగిలిన చూపు ఉన్న పిల్లకు ఈ రకం చాలా ఉపయోగపడుతుంది, ఎందుకంటే చెవి ముందుకు నడిపిస్తుంటే కన్ను వెతుక్కోవలసిన పని తప్పుతుంది.

దొరికే చోటు సుగమ్య పుస్తకాలయ. 2016 ఆగస్టు 24న కేంద్ర దివ్యాంగుల సాధికారత శాఖ, డైసీ ఫోరం ఆఫ్ ఇండియా కలిసి ప్రారంభించిన ఆన్‌లైన్ గ్రంథాలయం అది. అచ్చు చదవలేనివారు వైకల్యపు ఆధారం చూపించి సభ్యులు కావాలి. అందుకే ధ్రువపత్రం గురించి ముందు రాశాను. ఫోన్‌లో ఈజీరీడర్ వంటి యాప్ పెట్టుకుంటే డైసీ పుస్తకాలు చదువుకోవచ్చు. కంప్యూటర్‌లో అయితే థోరియం రీడర్ ఉచితంగా దొరుకుతుంది. అయితే ఒక్క మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. హిందీ, ఇంగ్లీషుల్లో వెతికినంత సులువుగా ఒడియా పాఠ్యపుస్తకాలు దొరకవు. మీ కాలేజీలో చెప్పే ప్రతి పుస్తకమూ అక్కడ ఉంటుందని ఆశ పెట్టుకోకండి. కొన్నిటిని మీరే చేసుకోవలసి వస్తుంది, అది అసాధ్యమైన పని ఏమీ కాదు.


బరంపురం డీటీపీ (జవాబు)

నేను ఇరవై యేళ్లుగా తెలుగు, ఒడియా రెండు భాషల్లో పుస్తకాల కంపోజింగ్ చేస్తున్నాను. ఆ రెండు పీడీఎఫ్‌ల సంగతి నాకు తెలిసినది కనుక రాస్తున్నాను.

మొదటిది స్కాన్ చేసినది అయి ఉంటుంది. అది పేజీకి తీసిన ఫొటో. అందులో టాక్‌బ్యాక్ వంటి స్క్రీన్ రీడర్ చదవడానికి అక్షరాలే లేవు. రెండోది మావంటివాళ్లం చేసినది. ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే యూనికోడ్ రాకముందు ఒడియాకు ఆకృతి, తెలుగుకు అను వంటి ఫాంట్లతో పని చేసేవాళ్లం, చాలా ప్రెస్సుల్లో ఇప్పటికీ చేస్తున్నారు. ఆ ఫాంట్లలో కంప్యూటర్ లోపల నిలవ ఉండేవి ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలే. వాటికి పైన ఒడియా బొమ్మ తొడుగుతాము. కన్ను బొమ్మను చూస్తుంది, టాక్‌బ్యాక్ లోపలి సంకేతాన్ని చదువుతుంది. మీ అమ్మాయి విన్న డాలర్లు, స్లాష్‌లు అవే. తలకట్టు ఒక గుర్తు, ఒత్తు ఇంకొక గుర్తు, దీర్ఘం మరొకటి.

ఇంతకాలం నేను కంపోజ్ చేసిన పుస్తకాల్లో ఒక్కటి కూడా చూపు లేని పిల్లకు వినిపించదని, ఇది చదివేవరకు నాకు ఆలోచన రాలేదు. ఆ మాట రాయడానికి బాధగా ఉంది.

పరిష్కారం ఉంది. ఆకృతి, అను పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉచితంగా దొరుకుతాయి. పీడీఎఫ్ నుండి తీస్తే మాటలు విరిగిపోతాయి కనుక, కుదిరితే ప్రచురణకర్తను అడిగి, పేజీలు కూర్చిన అసలు పేజీమేకర్ ఫైలు తెప్పించుకోండి. స్కాన్ పేజీలకైతే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మలోని తెలుగు, ఒడియా అక్షరాలను గుర్తించి పాఠ్యంగా ఇస్తుంది. ఫొటో తీసేటప్పుడు పుస్తకం నడుమ వంపు లేకుండా అద్దం పలక వేసి అణిచి, పగటి వెలుతురులో తీస్తే తప్పులు సగం తగ్గుతాయి. అయినా ఒకసారి సరిచూడక తప్పదు. తెలుగులో ప, వ; మ, య తారుమారవుతాయి. అంకెల దగ్గర మరీ జాగ్రత్త. 1950 అన్నది 1960 అయినా యంత్రం అదే నమ్మకంతో చదివేస్తుంది.

మీ పుస్తకంలో ఒక అధ్యాయం ఫొటోలు నాకు పంపండి. సరిచేసి ఇస్తాను, డబ్బు అవసరం లేదు.


రాయగడ నుండి ఒక పాఠకుడు (జవాబు)

మామయ్య గారూ, ఆ అమ్మాయి నాకు చెల్లెలి వంటిది కనుక చొరవతో రాస్తున్నాను. నాకు పుట్టుకతోనే చూపు లేదు. ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నాను. ఈ జవాబును ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ సాయంతో నేనే టైపు చేస్తున్నాను. అది ఉచితం. ఆస్ట్రేలియాలో చూపు లేని ఇద్దరు యువకులు 2006లో మొదలుపెట్టిన పని. దానితో పాటే వచ్చే ఈస్పీక్ స్వరంలో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. ఆ గొంతు మొదటి వారం ఇనుప డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది, అమ్మాయి వద్దంటుంది. రెండో వారానికి అలవాటవుతుంది. నెల తిరిగేసరికి వేగం పెంచమంటుంది. నేను వినే వేగం పక్కనున్నవారికి ఒక్క ముక్క అర్థం కాదు.

నేను క్యాసెట్ల కాలంలో చదువుకున్నాను. 90 నిమిషాల క్యాసెట్టుకు ఒక వైపు 45 నిమిషాలు. నా చరిత్ర పుస్తకం పదిహేను క్యాసెట్లు ఉండేది. ఒక్కోదాని మీద మా అమ్మ చింతగింజలు అతికించింది, ఒకటో క్యాసెట్టుకు ఒక గింజ, రెండోదానికి రెండు. అయిదు దాటాక గింజలు పట్టక గుండీలు అతికించింది. కావలసిన క్యాసెట్టు దొరికేది కాని, అందులో కావలసిన వాక్యం దొరకడానికి టేపు అరిగిపోయేది. మీరు రాసిన గడప దగ్గరి దృశ్యం చదువుతుంటే నాకు ఆ టేపు గరగర వినిపించింది.

టీచరమ్మ రాసినదానికి ఒకటి కలుపుతాను. వినడం ఒక్కటే చాలదు, బ్రెయిలీ కూడా నేర్పించండి. వినడం ద్వారా విషయం తెలుస్తుంది కాని, వర్ణక్రమం తెలియదు. పదో తరగతి వరకు విని చదివిన నా స్నేహితుడొకడు ‘రాజ్యాంగం’ అనే మాటను ఎలా రాయాలో ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాడు. మీ అమ్మాయికి అక్షరాలు ఇప్పటికే వచ్చు కాబట్టి ఆ భయం లేదు. అయితే చూపు ఇంకా తగ్గితే, తన చేతికి అందే అక్షరం ఒకటి ఉండాలి. ఇప్పుడు కన్ను కొంత పనిచేస్తున్నప్పుడే వేళ్లకు నేర్పడం తేలిక.

మన వంటి సరిహద్దువాళ్లకు ఇందులో ఒక సౌకర్యం ఉంది, చాలామందికి తెలియదు. 1951 నుండి భారతీయ భాషలన్నిటికీ భారతి బ్రెయిలీ అని ఒకే పద్ధతి ఉంది. తెలుగు ‘క’కు, ఒడియా ‘క’కు కన్ను చూసే రూపాల్లో పోలికే లేదు. వేలి కింద మాత్రం రెండూ ఒకటే, ఒకటి, మూడు చుక్కలు. ‘గ’ అయితే రెండు భాషల్లోనూ ఒకటి, రెండు, నాలుగు, అయిదు చుక్కలు. చూపున్న పిల్లలు రెండు లిపులు నేర్చుకునే చోట మేము ఒకసారి నేర్చుకొని రెండు భాషలు చదువుతాము. కీబోర్డులోనూ అంతే. భారతీయ భాషలకు వాడే ఇన్‌స్క్రిప్ట్ అమరికలో ‘క’ ఏ భాషకైనా కె మీటలోనే ఉంటుంది. భాష మార్చుకుంటే చాలు, వేళ్లు మార్చుకోనక్కరలేదు. చెల్లెలికి ఇది ముందే చెప్పండి. మూడు భాషలు మూడు బరువులని భయపడుతున్న పిల్లకు ధైర్యం వస్తుంది.

బ్రెయిలీ అంటే మోయలేని లావు పుస్తకాలేనని అనుకోకండి. ఆర్బిట్ రీడర్ వంటి చిన్న పరికరంలో 20 గడుల వరుస ఉంటుంది. మెమరీ కార్డులోని పుస్తకం ఆ వరుస మీద చుక్కలుగా లేస్తుంది, మీట నొక్కితే తర్వాతి వరుస వస్తుంది. పరికరాల సాయానికి కేంద్రప్రభుత్వపు ఎడిప్ పథకం ఉంది. ధ్రువపత్రం వచ్చాక అడగండి.

పరీక్షల గురించి కూడా ఇప్పటి నుండే చూసుకోవాలి. గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని, మనం చెప్పింది రాసిపెట్టే లేఖకుణ్ణి పెట్టుకోవచ్చని, కంప్యూటర్ మీద రాయాలనుకుంటే అదీ అడగవచ్చని 2018 ఆగస్టు 29 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి, ఇప్పటి నియమాలేమిటో కాలేజీలో అడగండి. కాలేజీ ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు చివరి నెలలో కాదు, సంవత్సరం మొదట్లోనే ఇవ్వండి. లేఖకునితో రాయించడం కూడా సాధన కావలసిన పనే. నా మొదటి పరీక్షలో జవాబు మనసులో ఉన్నా, దాన్ని వాక్యం వాక్యంగా చెప్పి రాయించడం చేతకాక సగం వదిలి వచ్చాను.


గుణుపురం మేనమామ

మీ ముగ్గురి జవాబులనూ మా అక్కకు, అమ్మాయికి చదివి వినిపించాను. ‘క’ సంగతి విని అమ్మాయి రెండుసార్లు మళ్లీ చదివించుకుంది. ఫీల్డ్ టెస్ట్‌కు వచ్చే సోమవారం విశాఖపట్నం వెళ్తున్నాము. డీటీపీ గారికి ఒక అధ్యాయం ఫొటోలు పంపాను.

రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, ఒక ప్రచురణకర్తకు ఫోన్ చేసి ఫైలు అడిగితే, పుస్తకాన్ని కాపీ చేయడం నేరమని గట్టిగా చెప్పి పెట్టేశారు. మేము చేస్తున్నది నిజంగా తప్పా? రెండు, ఒడియా సాహిత్యం పుస్తకాన్ని యంత్రపు గొంతులో వినడం అమ్మాయికి ఇష్టం లేదు. దాన్ని మా గొంతుతోనే డైసీలో చేయవచ్చా?


పర్లాకిమిడి టీచర్

తప్పు కాదు, అన్నయ్య గారూ. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో 52వ సెక్షన్‌లో ఒక మినహాయింపు చేరింది. వైకల్యం ఉన్నవారు చదువుకోవడానికి వీలైన రూపంలోకి పుస్తకాన్ని మార్చడం, లాభాపేక్ష లేకుండా వారికి ఇవ్వడం ఉల్లంఘన కాదు. ఆ ఫైలు ఇతరుల చేతికి పోకుండా చూడవలసిన బాధ్యత మాత్రం మనది. ఈ విషయం మీద ప్రపంచదేశాలు 2013 జూన్‌లో మరాకేష్‌లో ఒక ఒప్పందం చేసుకున్నాయి, దాన్ని అందరికంటే ముందు 2014లో ఆమోదించినది మన దేశమే. ప్రచురణకర్తకు ఈసారి ఫోన్ చేయకుండా, ఆ సెక్షన్‌ను ప్రస్తావిస్తూ కాలేజీ తరఫున ఉత్తరం రాయించండి. ఫోన్‌లో కాదన్నవారు కాగితం చూసి ఫైలు పంపిన సందర్భం నాకు ఒకటి తెలుసు.

మీ గొంతుతో చేయడానికి ఓబీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. డైసీ కన్సార్టియం తయారు చేసినదే. ల్యాప్‌టాప్‌లో పెట్టుకోండి. ముందు శీర్షికలన్నీ విభాగాలుగా రాసుకోవాలి, ఆ తర్వాత ఒక్కో విభాగం కింద చదువుతూ రికార్డు చేయాలి, పేజీ మారిన చోట పేజీ గుర్తు పెట్టాలి. మీరు ఆగిన చోట్లను పట్టి అది ధ్వనిని చిన్న చిన్న ముక్కలు చేసుకుంటుంది. అందుకే గదిలో నిశ్శబ్దం కావాలి, ఫ్యాను తప్పక ఆపాలి. ఫ్యాను చప్పుడులో దానికి నిశ్శబ్దం ఎక్కడుందో తెలియదు, వాక్యం మధ్యలో తెగ్గొడుతుంది. తప్పు చదివితే ఆ ముక్క ఒక్కటే తిరిగి చదివితే సరిపోతుంది. పూర్తయ్యాక డైసీ రూపంలో ఎగుమతి చేసి ఫోన్‌లో వేయండి.

చదివే పద్ధతి గురించి కొంచెం. నాటకీయంగా చదవకండి, మెల్లగానూ చదవకండి. వేగం తాను మార్చుకుంటుంది. కొత్త పేరు మొదటిసారి వచ్చినప్పుడు ఒకసారి అక్షరాలు విడదీసి చెప్పండి. పట్టిక వస్తే ముందు ఎన్ని నిలువు వరుసలు, వాటి శీర్షికలు ఏమిటో చెప్పి, తర్వాత అడ్డంగా ఒక్కో వరుస చదవండి. బొమ్మను దాటేయకండి, అందులో ఏముందో రెండు వాక్యాల్లో చెప్పండి. పటాలు మాత్రం మాటలతో తేలవు. కార్డుబోర్డు మీద ఫెవికాల్‌తో నూలుదారం అతికించి నదిని, పప్పుగింజలతో ఊళ్లను చేస్తే వేలు పెట్టి చూస్తుంది. నాగావళి, వంశధార మా పిల్లలకు నేను అలాగే నేర్పాను.

ఓబీ కష్టమనిపిస్తే, వర్డ్‌లో యూనికోడ్ పాఠ్యం పెట్టి శీర్షికలకు హెడింగ్ స్టైల్ వేసినా చాలావరకు పని జరుగుతుంది. అక్షరాలను లావు చేసి పెద్దవి చేయడం వేరు, హెడింగ్ స్టైల్ వేయడం వేరు. మొదటిది కంటికి మాత్రమే శీర్షిక. రెండోది ఉంటేనే స్క్రీన్ రీడర్‌లో హెచ్ మీట నొక్కి శీర్షిక నుండి శీర్షికకు పోగలదు.


గుణుపురం మేనమామ

ఇరవై రోజుల తర్వాత రాస్తున్నాను. ఫీల్డ్ టెస్ట్‌లో మంచి కంటి చూపు వెడల్పు 10 డిగ్రీలకంటే తక్కువగా తేలింది. ఆ కాగితంతో దరఖాస్తు ఇచ్చాము, ఈసారి ఎవరూ తిప్పి పంపలేదు. బరంపురం డీటీపీ గారు రాజనీతి శాస్త్రం రెండు అధ్యాయాలు యూనికోడ్‌లో పంపారు. వారికి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

సాహిత్యం పుస్తకంలో మొదటి నాలుగు పాఠాలు ఓబీలో చేశాను. రాత్రి పది దాటాక, వీధి సద్దుమణిగాక, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ చదివాను. నిన్న సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసి, “మామయ్యా, 47వ పేజీలో మూడు కారణాలని చెప్పి రెండే చదివావు” అంది. పుస్తకం తీసి చూస్తే నిజమే, పేజీ తిప్పేటప్పుడు పైనున్న పేరా ఒకటి వదిలేశాను. “ఎలా పట్టుకున్నావే?” అని అడిగితే, 46కి, 48కి వెళ్లి అక్కడ కూడా లేదని చూసుకున్నాకనే ఫోన్ చేశానంది.

ఈ రాత్రి ఆ పేరా చదివి చేరుస్తున్నాను.